నడినెత్తిన చేజారే ఉపగ్రహం

ఇరవయ్యేళ్ళ కిందటి మాట. అమెరికాలో మన తెలుగు ఛానళ్ళు డిష్ మీద చూడటం కొత్తగా మొదలైన రోజులు. మా ఊళ్ళో ఉండే పెద్దాయన ఒకరు శనివారం పొద్దున్నే ఫోన్ చేసి, "నువ్వు యాంటెన్నాల పని చేస్తావుట కదా, ఒక్కసారి మా ఇంటికి వచ్చిపో నాయనా, మీ అక్కయ్య పెసరట్లు పోస్తోంది" అన్నారు. పెసరట్లన్నాక ఆగేదెవరు? జనవరి చలిలో నిచ్చెనెక్కి డిష్ పట్టుకుని నేను, గుమ్మంలో వాళ్ళబ్బాయి, హాల్లో టీవీ ముందు అక్కయ్యగారు. నేను వెంట్రుకవాసి కదిపితే ఆవిడ "వచ్చింది" అంటారు. ఆ కబురు అబ్బాయి నాకు అందించేలోపే "అయ్యో, పోయింది" అంటారు. గంటన్నర ఈ భాగోతం నడిచింది.

ఆ టీవీ తెర మీద రెండు గీతలు కనిపించేవి. ఒకటి సిగ్నల్ బలం, రెండోది సిగ్నల్ నాణ్యత. బలం చూస్తే వందకి తొంభై. నాణ్యత గీత మాత్రం అడుగునే కూర్చుంది, బొమ్మ ముక్కలు ముక్కలుగా వస్తోంది. పెద్దాయన పట్టుకున్నారు: "తొంభై మార్కులు వచ్చినవాడు ఫెయిలెలా అయ్యాడయ్యా?"

పెసరట్టు చల్లారిపోతోందని ఆ రోజు ఏదో చెప్పి తప్పించుకున్నాను. ఆ ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు. మన ఇంటి మీద రెండడుగుల డిష్ దగ్గర నుంచి, మన షాద్‌నగర్‌లో ఆకాశాన్ని గాలించే పెద్ద డిష్‌ల దాకా, అక్కడి నుంచి గ్రహాలన్నిటినీ దాటిపోయిన వ్యోమనౌకతో మాట్లాడే డిష్ దాకా అందరినీ వేధించే ప్రశ్న అదే. సరైన జవాబు ఇప్పుడు చెప్పుకుందాం.

బలం వేరు, నాణ్యత వేరు

డిష్‌లోకి వచ్చి పడేది మనకి కావలసిన సిగ్నల్ ఒక్కటే కాదు. వేడి ఉన్న ప్రతి వస్తువూ ఎంతో కొంత రేడియో తరంగాలను వెదజల్లుతూనే ఉంటుంది. నేల, గోడలు, చెట్లు, చివరికి నిచ్చెన మీద నిలబడ్డ నేను కూడా. దీనికి అర్థంపర్థం ఉండదు, ఉత్త రొద. ఇంజనీర్లు ఈ రొదని ఉష్ణోగ్రతలో కొలుస్తారు. నేల వైపు చూసే యాంటెన్నాకి సుమారు 290 కెల్విన్‌ల రొద తగులుతుంది. మబ్బులేని ఆకాశం వైపు తలెత్తి చూస్తే పదీ పదిహేను కెల్విన్‌లకు మించదు. అందుకే డిష్ ఆకాశం వైపు చూస్తున్నంతసేపూ ప్రశాంతంగా ఉంటుంది. దీనికి తోడు రిసీవర్ తనంతట తాను పుట్టించే రొద ఒకటి ఉంటుంది.

పెళ్ళిపందిట్లో గట్టిమేళం మోగుతున్నప్పుడు పురోహితుడి మంత్రం మైకులో ఎవరికైనా వినిపిస్తుందా? సౌండు పెంచితే మంత్రంతో పాటు డోలు కూడా పెరుగుతుంది. యాంప్లిఫయర్ పని కూడా అంతే, సిగ్నల్‌నీ రొదనీ సమానంగా పెంచుతుంది. మా పెద్దాయన టీవీలో బలం గీత ఈ రెండింటినీ కలిపి కొలుస్తోంది. నాణ్యత గీత ఒకదానికి రెండోది ఎన్ని రెట్లు ఉందో చెబుతోంది. మన బొమ్మ బతికేది రెండోదాని మీద.

పాతకాలం అనలాగ్ టీవీలో నాణ్యత తగ్గితే తెర మీద చుక్కలు పడేవి, అయినా వార్తలు చదివేదెవరో పోల్చుకోగలిగేవాళ్ళం. డిజిటల్‌లో ఆ వెసులుబాటు లేదు. తప్పులు దిద్దే కోడింగ్ ఉంటుంది కనక ఒక గీత దాకా బొమ్మ అద్దంలా ఉంటుంది. ఆ గీత దాటి ఒక్క మెట్టు దిగితే చాలు, బొమ్మే ఉండదు. ఇంజనీర్ల భాషలో ఇది కొండ అంచు. గ్రౌండ్ స్టేషన్ నడిపేవాళ్ళ బతుకంతా ఆ అంచుకి ఎంత దూరంలో ఉన్నామా అని చూసుకోవడంతోనే సరిపోతుంది.

వాన పడినప్పుడు డిష్ టీవీ పోవడం మనందరికీ అనుభవమే. వాన సిగ్నల్‌ని మింగేస్తుందని అందరూ అనుకుంటారు. నిజమే కానీ, అది సగం నిజం. వాన చినుకులకి కూడా వేడి ఉంది కదా, అవి రొద కూడా పుట్టిస్తాయి. ఒక చిన్న లెక్క చూడండి. ఎండరోజున మన వ్యవస్థ మొత్తం రొద 100 కెల్విన్‌లు అనుకుందాం. జోరువాన వచ్చి సిగ్నల్‌లో సగం మింగింది. అదే వాన సుమారు 140 కెల్విన్‌ల కొత్త రొదని తెచ్చి పెడుతుంది. అంటే సిగ్నల్ సగమైంది, రొద 100 నుంచి 240 అయింది. నాణ్యత సగం దగ్గర ఆగలేదు, దాదాపు ఐదో వంతుకి పడిపోయింది. రిసీవర్ ఎంత మంచిదైతే ఈ రెండో దెబ్బ అంత గట్టిగా తగలడం ఇక్కడ తమాషా. మొదట్నుంచీ రొదలో బతికేవాడికి కొత్త రొద పెద్దగా తెలియదు, నిశ్శబ్దానికి అలవాటు పడ్డవాడికే చెవులు చిల్లులు పడతాయి.

ఇంకో సంగతి. మార్చి మొదట్లో కొన్నాళ్ళూ, అక్టోబరులో కొన్నాళ్ళూ పట్టపగలు ఎండ కాస్తుండగా డిష్ టీవీ కొన్ని నిమిషాలు ఆగిపోతుంది. మబ్బుండదు, గాలుండదు, డిష్ అంగుళం కూడా కదలదు. ఏమవుతుందంటే, భూమధ్యరేఖకి సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున నిలబడ్డట్టు కనిపించే ఆ ఉపగ్రహం వెనక్కి, మన డిష్ చూపు గీతలోకి, సరిగ్గా సూర్యుడు వస్తాడు. సూర్యుణ్ణి మించిన రొద పుట్టించేవాడు మన వీధిలో ఇంకెవరున్నారు? అప్పుడు బలం గీత కాస్త పెరుగుతుంది కూడా. నాణ్యత మాత్రం సున్నా. తొంభై మార్కులవాడు ఫెయిలవడానికి ఇంతకన్న మంచి ఉదాహరణ దొరకదు.

షాద్‌నగర్‌లో పన్నెండు నిమిషాలు

ఇంటి డిష్‌కి ఒక సుఖం ఉంది. ఒకసారి గురి చూసి బోల్టులు బిగిస్తే చాలు, ఉపగ్రహం అక్కడే ఉంటుంది. భూమిని ఫొటోలు తీసే ఉపగ్రహాల సంగతి అలా కాదు. అవి 500 నుంచి 900 కిలోమీటర్ల ఎత్తులో, ధ్రువాల మీదుగా, సెకనుకి ఏడున్నర కిలోమీటర్ల వేగంతో పరుగెడుతుంటాయి. హైదరాబాద్ నుంచి బెంగళూరు వెళ్ళే దారిలో షాద్‌నగర్ దగ్గర ఉన్న గ్రౌండ్ స్టేషన్ ఇలాంటి ఉపగ్రహాల కోసం పుట్టింది. 1979లో అమెరికావాళ్ళ లాండ్‌శాట్ చిత్రాలు అందుకోవడంతో అక్కడ పని మొదలైంది. 1988 మార్చి 17న మన ఐఆర్ఎస్-1ఎ బైకనూర్ నుంచి ఎగిరాక మన చిత్రాలు మనమే దింపుకోవడం మొదలుపెట్టాం. అప్పట్లో ఆ సంస్థ పేరు జాతీయ రిమోట్ సెన్సింగ్ ఏజెన్సీ, 2008 నుంచి అది ఇస్రోలో భాగంగా జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం. వరదొచ్చినప్పుడు ఏ మండలం ఎంత మునిగింది, ఈ ఏడు పంట ఎంత విస్తీర్ణంలో పడింది లాంటి మ్యాపులకి ముడిసరుకు ఇక్కడి డిష్‌ల గుండానే వస్తుంది.

800 కిలోమీటర్ల ఎత్తున వెళ్ళే ఉపగ్రహం ఒకటి షాద్‌నగర్ మీదుగా వస్తోందనుకుందాం. ఉత్తరాన దిక్చక్రం మీద తలెత్తిన దగ్గర నుంచి దక్షిణాన అస్తమించేదాకా, అన్నీ కలిసొస్తే పన్నెండు నిమిషాల పైచిలుకు. దీన్నే 'పాస్' అంటారు. ఆ పన్నెండు నిమిషాల్లోనే అది తీసిన చిత్రాలన్నీ దింపుకోవాలి. తొలి ఉపగ్రహాల్లో రికార్డర్ కూడా లేదు, చూసింది చూసినట్టు కిందకి పంపేసేవి. 1995లో ఎగిరిన ఐఆర్ఎస్-1సితో కానీ మనకి ఆ వసతి రాలేదు. పైగా ఐఆర్ఎస్-1ఎ ఒకసారి ఏ నేల మీదుగా వెళ్ళిందో మళ్ళీ సరిగ్గా అదే నేల మీదుగా రావడానికి 22 రోజులు పట్టేది. ఆ రోజు అందుకోలేకపోతే మూడు వారాల దాకా ఆ చిత్రం లేనట్టే. మూడు వారాల తర్వాత మబ్బు పడితే అదీ లేదు. వరద అంతకాలం ఆగదు కదా.

ఇప్పుడు డిష్ సంగతి. షాద్‌నగర్‌లో ఉన్నవాటిలో 7.5 మీటర్ల వెడల్పువి కొన్ని. ఎక్స్ బ్యాండ్‌లో, అంటే 8 గిగాహెర్ట్‌జ్ దరిదాపుల్లో, అంత డిష్ చూపు వెడల్పు డిగ్రీలో మూడో వంతు. పున్నమి చంద్రుడు మనకి అర డిగ్రీ వెడల్పున కనిపిస్తాడు. అంటే ఈ డిష్ చూపు చంద్రబింబం కన్నా సన్నం. గురి 0.1 డిగ్రీ తప్పితే సిగ్నల్‌లో ఐదో వంతు పోతుంది. 0.17 డిగ్రీ తప్పితే సగం పోతుంది. నడినెత్తిన ఆ ఉపగ్రహం సెకనుకి అర డిగ్రీ చొప్పున జరుగుతుంటుంది. లెక్క మీరే వేయండి: టన్నుల బరువున్న ఆ డిష్ ఒక్క క్షణం మొరాయించిందా, సెకనులో మూడో వంతు గడిచేసరికి సగం సిగ్నల్ గాలికి పోయినట్టే.

మరి డిష్‌కి ఎటు చూడాలో ఎవరు చెబుతారు? మొదటి దారి పంచాంగం. ఉపగ్రహ కక్ష్య లెక్కలు ముందే ఉంటాయి కనక ఏ క్షణాన ఏ దిక్కున, ఎంత ఎత్తున ఉంటుందో పట్టిక వేసి పెట్టుకోవచ్చు. డిష్ ఆ పట్టిక ప్రకారం తిరుగుతుంది. దీంట్లో ఇబ్బంది గడియారం. పంచాంగం సరైనదే అయినా స్టేషన్ గడియారం ఒక్క సెకను తప్పితే ఉపగ్రహం ఏడున్నర కిలోమీటర్లు ముందుకో వెనక్కో ఉంటుంది. నడినెత్తిన అది అర డిగ్రీ తేడా. మన చూపు పూర్తిగా ఖాళీ ఆకాశం మీద పడుతుంది. ముహూర్తం విషయంలో మన పురోహితుల కన్నా గ్రౌండ్ స్టేషన్ వాళ్ళకే పట్టింపు ఎక్కువ అంటే అతిశయోక్తి కాదు!

రెండో దారి నేను నిచ్చెన మీద చేసిన పనే. కాస్త అటు జరిపి, కాస్త ఇటు జరిపి, ఎటు బాగుందో చూసి అటు ఉండిపోవడం. నవ్వకండి, దీనికి 'స్టెప్ ట్రాక్' అని పేరుంది, పెద్దపెద్ద స్టేషన్లలో వాడతారు. 36,000 కిలోమీటర్ల ఎత్తున నిలబడ్డ ఉపగ్రహాలు కూడా నిజానికి కొంచెం అటూ ఇటూ ఊగుతూ ఉంటాయి, వాటికిది సరిపోతుంది. సెకనుకి అర డిగ్రీ పరుగెత్తేవాడి వెంట "వచ్చిందా, పోయిందా" అని అడుగుతూ కూర్చుంటే కుదరదు.

మూడో దారికి 'మోనోపల్స్' అని పేరు. రాత్రి మంచం కింద ఎక్కడో కీచురాయి అరుస్తుంటే మనమేం చేస్తాం? రెండు చెవులకీ సమానంగా వినిపించేదాకా తల తిప్పుతాం. ఎడమ చెవికి ఎక్కువ వినిపిస్తే తల ఎడమకి తిరగాలని ఎవరూ చెప్పక్కర్లేదు. డిష్ ముందు ఉండే ఫీడ్‌లో కూడా ఇలాగే 'చెవులు' ఉంటాయి. వాటిలో పడినదంతా కూడితే మనకి కావలసిన డేటా వస్తుంది. ఒకదాంట్లోంచి ఒకటి తీసేస్తే గురి ఎంత తప్పిందో, ఎటు తప్పిందో తెలుస్తుంది. గురి సరిగ్గా ఉంటే తేడా సున్నా.

తీసివేత ఎందుకు, సిగ్నల్ ఎక్కడ ఎక్కువుంటే అక్కడ ఆగితే పోదా అనిపించవచ్చు. అక్కడే ఉంది కిటుకు. డిష్ చూపు నడిమధ్య బల్లపరుపుగా ఉంటుంది. 0.05 డిగ్రీ తప్పినా తగ్గేది ఆరు శాతమే. ఆ కాస్త తగ్గుదల గురి తప్పినందుకో, మబ్బు అడ్డొచ్చినందుకో తెలిసే దారి లేదు. తగ్గిందని తెలిసినా కుడికి తిరగాలా ఎడమకా అన్నది అసలు తెలియదు. తేడా సిగ్నల్ అలా కాదు. మధ్యలో సున్నా, ఒక పక్కకి పోతే ప్లస్సు, ఇంకో పక్కకి పోతే మైనస్సు. మోటారుకి అంతకన్నా ఏం కావాలి?

నిజం పాస్‌లో ఈ దారులన్నీ కలిపి వాడతారు. దిక్చక్రం మీద ఉపగ్రహం తలెత్తే చోట డిష్ పంచాంగం ప్రకారం కాచుకుని ఉంటుంది. ఆ సమయంలో కీచురాయి పద్ధతిని నమ్మకూడదు. ఉపగ్రహం నుంచి తిన్నగా వచ్చే తరంగంతో పాటు నేల మీద పడి లేచిన తరంగం కూడా వస్తుంది, పాపం డిష్ రెండింటి మధ్య తికమకపడి నేల చూపులు చూస్తుంది. కొంచెం పైకి లేచాక ముందు ఎస్ బ్యాండ్‌లో పట్టుకుంటారు. అందులో అదే డిష్ చూపు 1.2 డిగ్రీల వెడల్పు ఉంటుంది కనక వలలో పడే అవకాశం ఎక్కువ. పడ్డాక ఎక్స్ బ్యాండ్ చెవులకి అప్పగిస్తారు.

దిక్చక్రం దగ్గర ఇంకో ఇబ్బంది కూడా ఉంది. ఐదు డిగ్రీల ఎత్తున ఉన్నప్పుడు మన ఉపగ్రహం దాదాపు 2,780 కిలోమీటర్ల దూరాన ఉంటుంది, నడినెత్తిన ఉన్నప్పుడు 800. దూరం మూడున్నర రెట్లు, సిగ్నల్ పన్నెండో వంతు. అక్కడ డిష్ అంచు నేల రొదని కూడా పీలుస్తుంది. పైగా ఉపగ్రహం మన వైపు సెకనుకి ఆరున్నర కిలోమీటర్ల పైన దూసుకొస్తుంటుంది కనక, స్టేషన్‌కి వచ్చే రైలు కూత మారినట్టు దాని ఫ్రీక్వెన్సీ 180 కిలోహెర్ట్‌జ్ దాకా పైకి జరుగుతుంది, వెళ్ళిపోతున్నప్పుడు అంతే కిందకి జరుగుతుంది. రిసీవర్ ఆ కూత వెంట కూడా పరుగెత్తాలి.

ఇవన్నీ దాటి ఉపగ్రహం పైకి లేచే కొద్దీ సిగ్నల్ నిమిష నిమిషానికీ బాగుపడుతుంది. నడినెత్తికి వచ్చేసరికి దూరం తక్కువ, గాలి పొర తక్కువ, రొద తక్కువ. అంతా సుఖాంతం అనుకునే ఆ క్షణానే డిష్ చేతులెత్తేస్తుంది.

నడినెత్తి చిక్కు

ఎక్కువ డిష్‌లు రెండు ఇరుసుల మీద నడుస్తాయి. ఒకటి కుమ్మరిసారెలా చుట్టూ తిరిగేది, రెండోది తల ఎత్తేది, దించేది. మనం నిలబడి ఆకాశం చూసినట్టే. ఒక ప్రయోగం చేయండి. పెరట్లో నిలబడి ఉత్తరం నుంచి వచ్చే విమానాన్ని చూస్తూ ఉండండి. తల ఎత్తుతూ పోతారు. సరిగ్గా నెత్తి మీదకి వచ్చాక? మెడ ఇంక వెనక్కి వంగదు. ఒక్కసారిగా మడమల మీద గిరుక్కున వెనక్కి తిరగాలి. డిష్ ఇరకాటం కూడా అదే.

అంకెల్లో చూస్తే మరీ స్పష్టంగా తెలుస్తుంది. 800 కిలోమీటర్ల ఎత్తున వెళ్ళే ఉపగ్రహం ఒక పాస్‌లో గరిష్ఠంగా 80 డిగ్రీల ఎత్తుకి వస్తే, డిష్ తన కుమ్మరిసారెని సెకనుకి 3 డిగ్రీల చొప్పున తిప్పితే చాలు. 85 డిగ్రీలకి వస్తే 6. 88కి వస్తే 15. 89కి వస్తే 30. సరిగ్గా నడినెత్తిన వెళితే ఆ క్షణంలోనే సగం చుట్టు చుట్టాలి, అంటే ఏ మోటారూ చాలదు. ఆకాశంలో ఉపగ్రహం వేగం ఏమీ మారలేదు, అది ఎప్పటిలాగే సెకనుకి అర డిగ్రీనే నడుస్తోంది. తిరిగే పద్ధతిలోనే ఉంది లోపం. ఇంజనీర్లు ఆ చిన్న ప్రాంతాన్ని తాళపుకన్ను అంటారు. డిష్ ఆకాశమంతా చూడగలదు, ఆ కన్నంత మేర తప్ప.

ఎంత పోతుంది? డిష్ వెనకబడి మళ్ళీ అందుకోవడానికి పది సెకన్లు పట్టిందనుకుందాం. ఉపగ్రహం నీడ నేల మీద సెకనుకి 6.6 కిలోమీటర్లు నడుస్తుంది. పది సెకన్లలో 66 కిలోమీటర్ల పొడవున్న నేల పట్టీ చిత్రం పోతుంది. రికార్డర్ లేకుండా తిన్నగా కిందకి చూస్తూ చూసింది చూసినట్టు పంపే ఉపగ్రహం నడినెత్తిన ఉన్నప్పుడు ఏ నేలని చూస్తోందో ఆలోచించండి. స్టేషన్ ఉన్న నేలనే! అంటే షాద్‌నగర్ లాంటి చోట ఉన్న డిష్ నాగపూర్‌నీ, బెంగళూరునీ చక్కగా దింపుకుని, ఇంచుమించు హైదరాబాద్ నుంచి మహబూబ్‌నగర్ దాకా ఉన్న నేలని పోగొట్టుకుంటుంది. దీపం కింద చీకటి అని మనవాళ్ళు ఊరికే అనలేదు.

దీనికి మందులు లేకపోలేదు. చిత్రాన్ని రికార్డు చేసి ఇంకో పాస్‌లో మళ్ళీ పంపడం ఒకటి. నడినెత్తికి రాకముందే డిష్ తిరగడం మొదలుపెట్టి కాస్త నష్టంతో బయటపడటం ఇంకోటి. మూడోది, పీట కిందే మరో ఇరుసు పెట్టి, పాస్ మొదలయ్యే ముందే డిష్ మొత్తాన్ని ఏడెనిమిది డిగ్రీలు పక్కకి వాల్చడం. అప్పుడు డిష్ 'నడినెత్తి' ఒక చోట, ఉపగ్రహం దారి ఇంకో చోట అవుతాయి.

నాకు బాగా నచ్చేది నాలుగోది. చిన్నప్పుడు వేసవి రాత్రుళ్ళు ఆరుబయట నులకమంచం మీద వెల్లకిలా పడుకుని చుక్కలు చూడటం గుర్తుందా? అప్పుడు నెత్తి మీద ఏం వెళ్ళినా మెడ నొప్పి ఉండదు. తల అటు నుంచి ఇటు దొర్లిస్తే చాలు. డిష్ ఇరుసులు రెండింటినీ ఇలా పడుకోబెట్టి కట్టే పద్ధతి ఉంది, దాన్ని ఎక్స్-వై మౌంట్ అంటారు. దానికీ తాళపుకన్ను లేకపోలేదు, కాకపోతే అది దిక్చక్రం దగ్గరకి, మంచం తలవైపుకీ కాళ్ళవైపుకీ వెళ్ళిపోతుంది. అక్కడ ఎలాగూ సిగ్నల్ అంతంతమాత్రమే. చిక్కు పోలేదు, దాన్ని మనకి అక్కర్లేని మూలకి నెట్టామన్నమాట.

చుట్టూ తిరిగే డిష్‌కి ఇంకో బాధ ఉంది, దాని గురించి బయట ఎవరూ మాట్లాడరు. డిష్ మీదకి కరెంటు తీగలు, సిగ్నల్ కేబుళ్ళు, పెద్దవాటిలో నీళ్ళ గొట్టాలు కూడా వెళతాయి. ఒకే దిక్కుకి తిరుగుతూ పోతే అవన్నీ మెలిపడిపోతాయి. అందుకని ఎన్ని డిగ్రీల దాకా తిరగవచ్చో హద్దు పెట్టి, మధ్యమధ్యలో వెనక్కి విప్పుతుంటారు. ఇది చిన్న విషయం కాదు. కాలిఫోర్నియాలోని గోల్డ్‌స్టోన్‌లో నాసావారి 70 మీటర్ల మహా డిష్ 2025 సెప్టెంబరు 16న హద్దు దాటి తిరిగిపోయింది. మధ్యలో ఉన్న కేబుళ్ళూ గొట్టాలూ లాగుకుపోయాయి, మంటలార్పే నీళ్ళ గొట్టాలు దెబ్బతిని నీళ్ళు ముంచెత్తాయి. అంత మహానుభావుణ్ణి మంచాన పడేసింది కేబుల్ మెలి!

అవతలివాడి గురి తప్పితే

ఇంతవరకూ మన డిష్ గురి గురించే మాట్లాడుకున్నాం. అవతల ఉపగ్రహం మీద ఉన్న డిష్ గురి తప్పితే? 2023 జులైలో అదే జరిగింది.

వాయేజర్-2 1977 ఆగస్టు 20న ఎగిరింది. 2023 నాటికి సుమారు 1,990 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉంది. దాని మీద 3.7 మీటర్ల డిష్ ఎప్పుడూ భూమి వైపే చూస్తూ ఉండాలి. జులై 21న పంపిన ఆదేశాల్లో పొరపాటు దొర్లి అది రెండు డిగ్రీలు పక్కకి తిరిగిపోయింది. రెండంటే రెండే డిగ్రీలు. చెయ్యి చాపి బొటనవేలు నిలబెడితే అది కప్పే ఆకాశం ఇంచుమించు అంతే. కానీ ఎక్స్ బ్యాండ్‌లో ఆ డిష్ చూపు మొత్తం వెడల్పు డిగ్రీలో మూడింట రెండు వంతులు. డేటా ఆగిపోయింది.

ఆ నౌక అంత దక్షిణంగా ఉంది కనక దానికి ఆదేశాలు పంపగలిగింది ప్రపంచం మొత్తం మీద ఒక్క ఆస్ట్రేలియాలోని కాన్‌బెర్రా దగ్గరున్న 70 మీటర్ల డిష్ మాత్రమే. ఆగస్టు 1న నాసా తన డీప్ స్పేస్ నెట్‌వర్క్‌లోని యాంటెన్నాలతో గాలించి ఆ నౌక కేరియర్ తరంగాన్ని పసిగట్టింది. గుండె చప్పుడు విన్నట్టన్నమాట. మాటలు లేవు, మనిషి బతికే ఉన్నాడు. మా పెద్దాయన ప్రశ్నకి ఇది ఇంకో జవాబు. ఒకే స్వరం ఆగకుండా పాడుతుంటే చాలాసేపు చెవి ఒగ్గి రొదలోంచి ఏరుకోవచ్చు. మాటలు వినాలంటే ప్రతి అక్షరం దాని క్షణంలోనే రొదని దాటి రావాలి. ఉనికి తెలియడానికి కావలసిన సిగ్నల్ వేరు, విషయం తెలియడానికి కావలసినది వేరు.

తనంతట తాను భూమిని వెతుక్కునే ఏర్పాటు వాయేజర్‌లో ఉంది, కానీ ఆ ముహూర్తం అక్టోబరు 15న. రెండున్నర నెలలు ఊరుకోవడమా, ఏదైనా ప్రయత్నించడమా? కాన్‌బెర్రా నుంచి అత్యధిక శక్తితో ఒక 'కేక' వెయ్యాలని నిర్ణయించారు. వినిపిస్తుందన్న ఆశ వాళ్ళకి పెద్దగా లేదు. నిజానికి భౌతికశాస్త్రం వాళ్ళ పక్షాన కొంచెం ఉంది. వాయేజర్ మనతో మాట్లాడేది ఎక్స్ బ్యాండ్‌లో, మన మాట వినేది ఎస్ బ్యాండ్‌లో. షాద్‌నగర్ డిష్ విషయంలో చూశాం కదా, ఒకే డిష్‌కి ఎస్ బ్యాండ్‌లో చూపు మూడు నాలుగు రెట్లు వెడల్పు. లెక్క వేస్తే వాయేజర్ చెవి వెడల్పు 2.7 డిగ్రీల దాకా వస్తుంది. రెండు డిగ్రీలు పక్కకి తిరిగినా భూమి పూర్తిగా ఆ చెవి వెనక్కి పోలేదు. నోరు పూర్తిగా పక్కకి తిరిగింది కానీ చెవి ఓరగా ఇటే ఉంది.

కేక అక్కడికి చేరడానికి పద్దెనిమిదిన్నర గంటలు. విన్నదా లేదా అన్న కబురు తిరిగి రావడానికి ఇంకో పద్దెనిమిదిన్నర. డిష్ కదిపి "వచ్చిందా?" అని అడిగితే, గుమ్మంలో అబ్బాయి జవాబు చెప్పడానికి 37 గంటలు పట్టింది. అమెరికా తూర్పు తీరపు కాలం ప్రకారం 2023 ఆగస్టు 4 అర్ధరాత్రి దాటి 29 నిమిషాలకి వచ్చింది ఆ జవాబు: డేటా దిగుతోంది.